గీతలు బాగుపడిన ఎండాకాలం

పందొమ్మిది వందల తొంభై తొమ్మిది ఎండాకాలంలో నేను నలభై రోజుల పైచిలుకు అరటిపళ్ళూ కొబ్బరిబొండాలూ మాత్రమే తీసుకుని బతికాను. ఉపవాసం కాదు, పథ్యమూ కాదు. అరటిపండుకు తొక్క ఉంటుంది, బొండానికి పెంకు ఉంటుంది. లోపల ఎవరైనా ఏదైనా కలపాలంటే పైన కన్నం పెట్టక తప్పదు. కన్నం ఉందేమోనని ప్రతి పండునూ కిటికీ దగ్గర వెలుతురులో తిప్పి చూసుకుని మరీ తినేవాణ్ణి. రావులపాలెం వెళ్ళి నేనే గెల తెచ్చుకుని, పడకగదిలో మేకుకు వేలాడదీసి, గదికి తాళం వేసుకునేవాణ్ణి. కలుపుతుందని నేను అనుమానపడిన మనిషి నా భార్య ప్రసన్నకుమారి.

నేను మొదటినుంచీ తొందరగా నమ్మే రకం కాను. బస్సు టిక్కెట్టు మీద తేదీ చూసుకుంటాను. కిలో పంచదార కొంటే ఇంటికొచ్చి మళ్ళీ తూస్తాను. అది మా నాన్న నుంచి వచ్చిన గుణం, దానికి మందు లేదు. ఆ ఎండాకాలం నాకు వచ్చింది వేరు. పంచదార తూసేటప్పుడు తూకం సరిపోవాలనే ఉంటుంది ఎవరికైనా. ఆ రోజుల్లో నాకు తప్పు దొరకాలని ఉండేది. దొరికితే చూశారా అనేవాణ్ణి, దొరక్కపోతే దాచేశారనేవాణ్ణి.

బొబ్బర్లంకకు దిగువన కాలువ లాకు దగ్గర నా ఉద్యోగం. అక్కడ రాతిగోడ మీద అడుగులూ అంగుళాలూ గీసిన కొలత ఉంటుంది. పొద్దున్నే ఆరింటికి నీరు ఎంతవరకు వచ్చిందో చూసి, పుస్తకంలో రాసి, ధవళేశ్వరం ఆఫీసుకు ఫోన్ చేసి చెప్పాలి. పద్నాలుగేళ్ళు చేశాను. ఫిట్లు అంతకు ముందునుంచే ఉన్నాయి. మొదట ముక్కుకు వెంట్రుకలు కాలిన వాసన తగులుతుంది. ఆ తర్వాత ఏం జరుగుతుందో చూసినవాళ్ళకు తెలియాలి గానీ నాకు తెలియదు. ముందటి అక్టోబరులో లాకు మెట్ల మీద నీళ్ళ పక్కనే వచ్చింది. లాకు తలుపులు తీసి మూసే లస్కరు చిట్టియ్య దూకి, జుట్టు పట్టుకుని నన్ను బయటికి లాగాడు. ఇంజనీరుగారు నన్ను సెక్షన్ ఆఫీసులో టపా కాగితాల దగ్గర కూర్చోబెట్టి, నీటిమట్టం చూసే పని చిట్టియ్యకు అప్పగించారు. ఫిట్లు ఆగాయని డాక్టరు సర్టిఫికెట్ తెచ్చుకుంటే, జూన్‌లో కాలువకు నీళ్ళు వదిలేనాటికి నా పని నాకు ఇచ్చేస్తామన్నారు.

ఆ సర్టిఫికెట్ కోసమే డిసెంబరులో రాజమండ్రి వెళ్ళాం. డాక్టర్ ఉదయ్‌భాస్కర్‌గారు మెదడు గీతలు తీయించాలన్నారు. మిషన్ దగ్గర ఉమాశ్రీ అనే అమ్మాయి ఉంది. తలకు నూనె లేకుండా కుంకుడుకాయతో స్నానం చేసి రమ్మంది. తలమీద అక్కడక్కడా జిగురు రాసి వైర్లు అంటించింది. కళ్ళు మూసుకోమంది, తెరవమంది, మూడు నిమిషాలు గట్టిగా ఊపిరి పీల్చి వదలమంది. పక్కన పొడుగు కాగితం కదులుతుంటే దాని మీద పెన్నులు వరసగా గీసుకుంటూ పోయాయి.

"పళ్ళు నొక్కుకోకండి అంకుల్, గీతలు పాడైపోతాయి" అంది.

డాక్టరుగారు ఆ కాగితాలు బల్లమీద పరిచి చూపించారు. ఎడమ కణత వైపు గీతల్లో కొన్నిచోట్ల సూదిమొనలు లేచాయి. రోజూ నీటి లెక్కలు రాసేవాణ్ణి గనక నాకు అర్థమైంది. తక్కిన గీతలన్నీ ఒక మట్టంలో పోతున్నాయి, ఇక్కడ మాత్రం గండి పడింది. ఆయన కొత్త మాత్ర రాసి, పాతది కొద్దికొద్దిగా మాన్పించారు. కొత్త మాత్రలు మెరిసే రేకులో దేనికది విడిగా మూసి ఉండేవి. జనవరి తొమ్మిది తర్వాత నాకు ఫిట్ రాలేదు. ఇరవై మూడేళ్ళలో అంత ఎడం ఎన్నడూ లేదు.

ఇక్కడే మా క్రైస్తవ కుటుంబాలు మాత్రమే చేసే పొరపాటు ఒకటి చేశాం. ఈస్టరు తర్వాత ఆదివారం ఇంట్లో కృతజ్ఞత కూడిక పెట్టాం. మా లూథరన్ సంఘం అంతా వచ్చింది. అయ్యగారు, అంటే మా పాస్టరుగారు, వాక్యం చెప్పాక నన్ను సాక్ష్యం చెప్పమన్నారు. ప్రభువు నన్ను పూర్తిగా బాగుచేశాడని నిలబడి చెప్పాను. మాత్ర ఊసెత్తలేదు. సాక్ష్యంలో మాత్ర గురించి చెబితే పలచబడుతుందనిపించింది. అందరూ స్తోత్రం అన్నారు. ప్రసన్న గుమ్మంలో నిలబడి పమిటతో కళ్ళు తుడుచుకుంది. ఒకసారి బాగైపోయాడని పదిమందిలో సాక్ష్యం పలికాక, ఆ మనిషి బాగోలేడని ఇంటి ఆడది ఎవరితో చెప్పుకుంటుంది?

ఆ వారంలోనే మొదలైంది. వంకాయ కూరలో ఏదో వేరే రుచి తగిలింది.

"ఇందులో ఏం వేశావు?"

"ఏం వేస్తానండీ, రోజూ వేసేవే" అంది ప్రసన్న.

"రోజూ వేసేవా?"

రోజూ కలుపుతోందన్నమాట అని నాకు తట్టినప్పుడు మంచి సంతోషం కలిగింది. దొరికిపోయింది అనుకున్నాను. మర్నాడు ఆఫీసు నుంచి పెందరాళే వస్తే, పెరటి గుమ్మం దగ్గర చిట్టియ్య నిలబడి ఆమెతో మాట్లాడుతున్నాడు. నన్ను చూసి, "మీకు ఎలా ఉందని అడుగుతున్నానండి ప్రకాశంగారూ" అన్నాడు. ఎవరూ అడగకుండానే సంజాయిషీ ఇచ్చాడంటే ఏదో ఉన్నట్టే అనుకున్నాను. ఇద్దరూ కలిసి చేస్తున్న పని నాకు స్పష్టంగా కనిపించింది. నాకు ఫిట్లు మళ్ళీ రప్పించాలి. నేను టపా కాగితాల దగ్గరే ఉండిపోవాలి. లాకు చిట్టియ్యకు మిగలాలి. ఆమెకు ఇందులో ఏం లాభమో మాత్రం తేలలేదు. అది తేలకపోవడం వల్ల అనుమానం తగ్గలేదు, పెరిగింది.

ఆ తర్వాత రెండు వారాలు ఆమె నాకంటే ముందు తిని చూపించేది. నా కంచంలోంచే ముద్ద తీసుకుని, నా ఎదుటే నమిలి మింగి, "ఇక తినండి" అనేది. నేను గడియారం చూసుకుని అరగంట ఆగేవాణ్ణి. అప్పటికి అన్నం చల్లారి బిరుసెక్కేది. ఒకరోజు ఆమె ముద్ద మింగి చెయ్యి కడుక్కుంటుంటే నాకు ఇంకో సంగతి తోచింది.

"నువ్వు విరుగుడు ముందే మింగి ఉంటావు" అన్నాను.

ఆమె కుండలోంచి నీళ్ళు పోసుకుంటున్నదల్లా ఆగింది. స్కూల్లో మొద్దు పిల్లలతో కూడా విసుక్కోని టీచరని ఆమెకు పేరు. ఆరోజు కూడా విసుక్కోలేదు.

"అయితే ఇంక నేనేం చెయ్యాలో మీరే చెప్పండి" అంది.

నేను ఆ సాయంత్రమే గెల తెచ్చుకున్నాను.

ప్రసన్న అయ్యగారికి ఒక్కసారి చెప్పి చూసిందట. ఈ సంగతి నాకు తర్వాత తెలిసింది. "గొప్ప సాక్ష్యం పలికాక సాతాను ఊరుకోడమ్మా, శోధిస్తాడు. ప్రార్థన ఎక్కువ చేయండి" అన్నారట ఆయన. ఆయన తప్పేమీ లేదు. నేను ఆయనకు చెప్పిన కథలో మాత్ర లేదు కదా. తునిలో ఉన్న వాళ్ళన్నయ్య రమేష్ బాబు కొన్నాళ్ళు వచ్చి ఉండమని రెండుసార్లు ఫోన్ చేశాడు. ఆమె వెళ్ళలేదు. ఎందుకు వెళ్ళడం లేదో నాకు తెలుసు అనుకునేవాణ్ణి. పని పూర్తికాలేదు గనక.

మే నెలలో మా వైపు నీళ్ళ కటకట ఉంటుంది. మరమ్మతుల కోసం కాలువలు కట్టేస్తారు. కాలువ అడుగున బురద ఎండి నెరియలు విచ్చుతుంది. బావుల్లో నీరు దిగిపోతుంది. లాకు క్వార్టర్లకు రెండు రోజులకోసారి ట్యాంకరు వస్తే, వాకిట్లో డ్రమ్ముకు పట్టుకునేవాళ్ళం. ఆ డ్రమ్ముకు మూత ఉంది గానీ తాళం లేదనీ, నేను నోరు పుక్కిలించేది ఆ నీళ్ళతోనేననీ నాకు ఒక తెల్లవారుజామున తట్టింది. స్టోరులో లాకు గేట్లకు వేసే పాత ఇత్తడి తాళం ఒకటి ఉంటే తెచ్చాను. డ్రమ్ముకు గొలుసు చుట్టి, తాళం వేసి, తాళంచెవి జేబులో పెట్టుకుని ఆఫీసుకు వెళ్ళిపోయాను.

ఇంట్లో ఆమె ఉందనీ, ఆమెకూ దాహం వేస్తుందనీ నాకు గుర్తు రాకపోలేదు. వచ్చింది. ఆమెకు నీళ్ళు చిట్టియ్య తెచ్చి పెడతాడులే, అప్పుడు దొంగతనం బయటపడుతుంది అనుకున్నాను. ఇవాళ కూడా ఇది సిగ్గుపడుతూనే రాస్తున్నాను.

రెండున్నరకు వచ్చి చూస్తే ప్రసన్న వంటింటి గచ్చు మీద గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. పెదవులు ఎండిపోయాయి. పక్కన మా ఇంటిది కాని స్టీలు బిందె ఉంది.

"ఎవరిదిది?"

"చిట్టియ్యగారి ఇంట్లోదండి. వాళ్ళావిడ పంపించింది."

"చూశావా" అన్నాను.

ఆమె నా వంక చూసింది. ఏడుస్తుందనుకున్నాను, ఏడవలేదు. నన్ను పూర్తిగా కొత్తవాణ్ణి చూసినట్టు చూసి, "ముప్ఫై ఒకటిన డాక్టరుగారు గీతలకు రమ్మన్నారు కదా, వెళదామా?" అని అడిగింది. నాకు సర్టిఫికెట్ కావాలి గనక వెంటనే సరే అన్నాను. ఆమె అంత తేలిగ్గా ఎందుకడిగిందో అని బస్సులో ధవళేశ్వరం బ్యారేజీ దాటేవరకూ ఆలోచించాను.

ఆరోజు ఉమాశ్రీ వైర్లు అంటిస్తుంటే జిగురు డబ్బా మీద పేరు చదివాకే తల ఇచ్చాను. పళ్ళు నొక్కుకోలేదు. కళ్ళు మూయమంటే మూశాను. పెన్నులు కాగితం మీద నడుస్తున్న చప్పుడులో తేడా నాకే తెలిసింది. డిసెంబరులో మధ్యమధ్య గరగరమని ఎగిరిపడేవి, ఇప్పుడు ఒకే తీరున పోతున్నాయి.

డాక్టరుగారు కాగితాలన్నీ తిప్పి చూసి, నవ్వి, "ప్రకాశంగారూ, ఒక్క మొన లేదు. ఇంత శుభ్రంగా వస్తుందని నేనూ అనుకోలేదు" అన్నారు.

"అయితే సర్టిఫికెట్..."

"ఇస్తాను. ఎన్నాళ్ళయింది ఫిట్ వచ్చి?"

"నాలుగు నెలల ఇరవై రెండు రోజులండి."

ఆయన లెటర్‌ప్యాడ్ తీసి పెన్ను మూత విప్పారు. ఈ ఐదు నెలల్లో నేను కోరుకున్నదంతా ఆ కాగితమే. ప్రసన్న కుర్చీలో కూర్చోలేదు, నా వెనక నిలబడి ఉంది. ఆమె నోరు విప్పకపోతే నేను లాకు దగ్గరికి వెళ్ళిపోతాను. విప్పితే, నా పొట్టకొట్టడానికే వచ్చిందని నాకు రుజువైపోతుంది. ఇక ఆ ఇంట్లో ఆమె ఉండడానికి చోటుండదు. ఇదంతా ఆమెకు తెలుసు.

"డాక్టరుగారూ" అంది. "గీతలు బాగున్నాయండి. మనిషి బాగోలేదండి."

గొంతు పెంచలేదు. డాక్టరుగారు పెన్ను మూత పెట్టారు.

"ఏమైందమ్మా?"

"ఆయన్నే అడగండి, ఏం తింటున్నారో."

నేను దాచలేదు. నాకు దాచాల్సిన అవసరమేముంది? అరటిపళ్ళు, బొండాలు, ఎందుకో కూడా చెప్పాను. చిట్టియ్య సంగతి, వంకాయ కూర, డ్రమ్ము తాళం, అన్నీ వరసగా, ఆధారాలతో సహా చెప్పాను. ఆయన బాగా వింటున్నారని నాకు తృప్తిగా ఉంది. నేను బరువు ఎనిమిది కిలోలు తగ్గినట్టు చీటీలో రాసుకున్నారు.

"మరి మాత్ర?" అన్నారు.

"ఒక్కపూట కూడా తప్పలేదండి."

"దాని మీద అనుమానం రాలేదా?"

"దానికి సీలు ఉంటుంది కదండీ. రేకు చింపి నేనే వేసుకుంటాను. మా ఇంట్లో నేను నమ్మేది అదొక్కటే."

ఆయన డిసెంబరు కాగితాలు తీయించి, కొత్తవాటి పక్కన పరిచి, రెండింటినీ చూస్తూ ఉండిపోయారు. తర్వాత నాతో కాకుండా ప్రసన్నతో మాట్లాడారు.

"తప్పు నాదమ్మా. ఫిట్లు ఆగాయా లేదా అని అడిగాను గానీ మనిషి ఎలా ఉన్నాడని అడగలేదు. ఫిట్లు పూర్తిగా ఆగి, గీతలు చక్కబడ్డప్పుడు, నూటికి ఒకరికో ఇద్దరికో మనసు ఇలా చెదురుతుంది. ఎందుకో మాకూ పూర్తిగా తెలియదు. మందు మారిస్తే చాలామందికి సర్దుకుంటుంది."

"మారిస్తే ఫిట్లు మళ్ళీ వస్తాయాండి?"

"రావచ్చు."

"వస్తే ఈయన ఈయనవుతారా?"

"మాట ఇవ్వలేను. ఆశ ఉంది."

ముగ్గురూ కలిసిపోయారని నాకు అప్పుడు అర్థమైంది. లేచి వెళ్ళిపోబోయాను. డాక్టరుగారు నన్ను ఆపిన తీరు ఇవాళ తలుచుకుంటే నవ్వొస్తుంది. వాదించలేదు. సొరుగు తెరిచి, రేకు చిరగని మాత్రల పట్టీలు తీసి నా చేతిలో పెట్టారు. పాత మాత్రలు కొన్ని, కొత్తవే సగం మోతాదువి కొన్ని, మనసు నిమ్మళించడానికి చిన్నవి ఇంకొన్ని. "సీళ్ళు మీరే చూసుకోండి ప్రకాశంగారూ. ఇవి వేసుకుని నెల తర్వాత రండి. సర్టిఫికెట్ గురించి అప్పుడే మాట్లాడదాం" అన్నారు. పట్టీలన్నీ వెలుతురులో తిప్పి చూసుకున్నాను. సీళ్ళు సరిగ్గానే ఉన్నాయి. వాటిని కాదనడానికి నాకు కారణం దొరకలేదు.

బస్సులో ఆమె పక్కన కూర్చోలేదు. "నువ్వు తుని పో. నీ పని అయిపోయిందిగా" అన్నాను, నలుగురూ వింటుండగానే. ఆమె కిటికీలోంచి గోదావరి ఇసుకతిన్నెలు చూస్తూ కూర్చుంది. బొబ్బర్లంకలో దిగి నా వెనకే ఇంటికి వచ్చింది.

జూన్ మొదటి వారమంతా ఇంట్లో మాటల్లేవు. నేను నా గదిలో నా పళ్ళతో ఉన్నాను. ఒక మధ్యాహ్నం బొండాం కొట్టే కత్తి కోసం వంటింట్లోకి వెళితే ప్రసన్న మోకాళ్ళ మీద ఉంది. తలమీద కొంగు వేసుకుంది. పెదవులు కదులుతున్నాయి. నన్ను చూసి ఆపేసింది. మామూలుగా ఆమె ప్రార్థన పైకే చేస్తుంది. లోలోపల చేయడం నేనెన్నడూ చూడలేదు.

"నా గురించేనా?" అన్నాను.

"అవునండి."

"మంచికా, చెడ్డకా?"

ఆమె కొంగు సర్దుకుని లేచి పొయ్యి దగ్గరికి వెళ్ళిపోయింది. మంచికైతే చెప్పడానికి ఏమడ్డం? నా మీదే ఏదో కోరుకుంటోందని తేల్చుకున్నాను. ఆమె ప్రార్థన గట్టిదని మా సంఘమంతా అంటుంది. ఆరోజు గది తలుపుకు రెండో గడియ కూడా వేసుకున్నాను.

పన్నెండో తేదీన కాలువకు నీళ్ళు వదిలారు. మా వైపు అదొక చిన్న పండగ. పొద్దున పదింటికి గట్టు మీదికి జనం వచ్చారు. బురద రంగు నీరు ముందు నాలుకలా సన్నగా వచ్చి, తర్వాత కాలువ నిండా పరుచుకుంది. చిట్టియ్య మెట్లు దిగి కొలత చూస్తున్నాడు. నా చోట్లో నిలబడ్డ ఆ మనిషిని చూడలేక ఇంటికి తిరిగాను. వాకిట్లోకి వచ్చేసరికి ముక్కుకు వెంట్రుకలు కాలిన వాసన తగిలింది. ఐదు నెలల తర్వాత. ఎవరో ఏదో తగలబెడుతున్నారని చుట్టూ చూశాను. అంతవరకే నాకు తెలుసు.

కళ్ళు తెరిచేసరికి వసారాలో పక్కకు తిప్పి పడుకోబెట్టి ఉన్నాను. నాలుక కొరుక్కుపోయింది. చొక్కా నిండా దుమ్ము. తల కింద ప్రసన్న ఒడి ఉంది. చిట్టియ్య తడికాళ్ళతో దూరంగా నిలబడి, "రిక్షా తేనా అమ్మగారూ?" అంటున్నాడు. "వద్దండి, ఆయన పడుకుంటారు" అంటోంది ఆమె. ఆ గొంతులో కంగారు లేదు. ఫిట్ వచ్చిన ప్రతిసారీ ఆమె ముఖం పాలిపోవడం పన్నెండేళ్ళుగా నాకు తెలుసు. ఆరోజు ఆ ముఖంలో వెలుగు ఉంది. ఇది కూడా అనుమానించదగ్గదేనని మనసులో ఒక మూల అనిపించింది గానీ, దాన్ని పట్టుకుని పైకి తీసే ఓపిక లేక నిద్రపోయాను.

అనుమానాలు ఆ పూటే పోలేదు. అలా పోతాయని ఎవరైనా చెబితే నమ్మకండి. ఒక్కొక్కటే పలచబడ్డాయి. ముందు వంకాయ కూర పోయింది. తర్వాత విరుగుడు సంగతి నాకే సరిపోలేదు. డ్రమ్ము మీది తాళం ఒకరోజు నేనే తీసేసి, ఎవరూ చూడకుండా స్టోరులో పెట్టి వచ్చాను. జూలైలో డాక్టరుగారి దగ్గరికి వెళ్ళినప్పుడు గీతల్లో ఎడమ కణత వైపు మొనలు మళ్ళీ కనిపించాయి. సర్టిఫికెట్ ఆయన ఇవ్వలేదు, నేను అడగలేదు. ఇప్పటికీ ఏడాదికి రెండు మూడు ఫిట్లు వస్తాయి. చిట్టియ్య రిటైరయ్యేదాకా లాకు అతనే చూశాడు.

ఆ జూలైలోనే ఒకనాటి సాయంత్రం ముసురు పట్టి ఉంది. ప్రసన్న వసారాలో కూర్చుని బడిపిల్లల పలకలకు నెంబర్లు వేస్తోంది. నేను వెళ్ళి ఎదురుగా పీట వేసుకుని కూర్చున్నాను. క్షమించమని అడగాలని వచ్చాను. అడగడం చేతకాక, అలవాటైన పనే చేశాను. ప్రశ్న వేశాను.

"ఆరోజు వంటింట్లో మోకాళ్ళ మీద ఉన్నావు. నా గురించేనన్నావు. ఏం అడిగావు?"

ఆమె పలక పక్కన పెట్టింది. చేతికంటిన సుద్ద దులుపుకుంది.

"మీకు ఫిట్ రావాలని అడిగానండి" అంది. "పదకొండు రోజులు అడిగాను. పైకి అడగడానికి నోరు రాలేదు."

ఆ ఎండాకాలమంతా ఆమె మీద నేను పడ్డ అనుమానాలు రాస్తే ఒక పుస్తకమవుతుంది. అన్నిట్లో నిజమైంది ఇదొక్కటే. నా వెనకాల, నాకు తెలియకుండా, నా మీదికి ఫిట్ రప్పించడానికి ఆమె నిజంగానే ప్రయత్నించింది. నేను ముఖం కప్పుకుని ఏడ్చాను. పెళ్ళయ్యాక ఆమె ముందు నేను ఏడవడం అదే మొదటిసారి. ఆమె నన్ను ఆపలేదు, కాసేపయ్యాక పలకలు మళ్ళీ ముందుకు లాక్కుంది.